గంపలో ఉప్పు వైపు

అచ్చియ్యమ్మ మంచి మనిషని చోడవరం చర్చిపేటలో ఎవరూ అనలేదు. అనుకునే అవకాశం ఆమె ఎవరికీ ఇవ్వలేదు. పొద్దున్నే చర్చి వాకిలి ఊడ్చేదీ ఆమే, ఊడ్చిన చోట కాలు పెట్టినవాడిని ఏడు తరాలు వెనక్కి తీసుకెళ్ళి తిట్టేదీ ఆమే. చెరుకు నరికే రోజుల్లో గోవాడ వైపు కూలికి పోతే, ఆమె పక్క సాలు ఎవరికి పడితే వాళ్ళకి ఆ పూటంతా తలనొప్పే. అలాంటి మనిషి చేతి తిండి కోసం పేట మొత్తం ఏడాదికొకసారి దోసిలి పట్టుకుని నిలబడేది. అది ఈస్టరు నాడు, తెల్లవారుజామున, సమాధుల తోటలో.

ఆ పద్ధతి సంగతి ముందు చెప్పాలి. చావు జరిగిన ఇంట్లో శవం లేచేవరకూ పొయ్యి వెలిగించకపోవడం అన్ని కులాల్లోనూ ఉన్నదే. పేటవాళ్ళు బాప్తిస్మం పుచ్చుకున్నా దీన్ని మాత్రం వదల్లేదు, పైగా యేసుప్రభువుకి కూడా అమలు చేశారు. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మూడింటికి ప్రభువు ప్రాణం విడిచాడు గనక, ఆదివారం పొద్దు పొడిచేవరకూ పేటంతా చావింటి కిందే లెక్క. ఏ పొయ్యిలోనూ నిప్పుండదు. ఇది బైబిల్లో ఎక్కడుందో చూపించమని వచ్చిన ప్రతి పాస్టరూ అడిగేవాడు. పేటవాళ్ళు చూపించనూ లేదు, మాననూ లేదు. చద్దన్నంతో, అరటిపళ్ళతో రెండు రోజులు గడిపి, ఆదివారం చీకటితో సమాధుల తోటకి వెళ్ళి పాటలు పాడుకునేవారు. పొద్దు పొడవగానే తలో దోసెడూ ఏదైనా తిని, అప్పుడు ఇళ్ళకొచ్చి పొయ్యి రాజేసేవారు.

ఆ దోసెడు ఒకప్పుడు మిషను దొరసాని రేకు డబ్బాలో తెచ్చే బిస్కట్లు. 1965లో దొరసాని తన దేశం వెళ్ళిపోయింది. మరుసటి ఏడు నుంచి అచ్చియ్యమ్మ గంప నెత్తికెత్తుకుంది. ఎవరూ అడగలేదు, తనే ఎత్తుకుంది. ఎత్తుకున్నాక దించమనే ధైర్యం ఎవరికీ లేదు.

నిప్పు తగలకుండా చెయ్యాలి కాబట్టి పాకం లేదు, పోపు లేదు. గురువారమే భట్టీ దగ్గరికి పోయి మరమరాలు, వేపిన శనగపప్పు, వేపిన వేరుశనగ గుళ్ళు తెచ్చుకునేది. శనివారం సాయంత్రం అరచేతులకి నువ్వులనూనె రాసుకుని మరమరాలని ఆ చేతులతో నెమ్మదిగా తిప్పేది. కల్లుప్పూ జీలకర్రా కలిపి మెత్తగా నూరిన పొడి ఆ నూనె తడి మీద చల్లేది. పప్పూ గుళ్ళూ ఎండుకొబ్బరీ ఆ తరవాత. బెల్లం మాత్రం వేరు. రాయిలా ఎండిన పాతబెల్లాన్ని రోట్లో వేసి చితక్కొట్టి, శనగపప్పు పొడిలో దొర్లించి, గుడ్డలో మూట కట్టేది. ఉప్పూ బెల్లం రాత్రంతా ఒకచోట ఉంటే రెండూ నీరు కారతాయి, మరమరాలు మెత్తబడి పనికిరాకుండా పోతాయి. అందుకని ఆదివారం అందరికంటే ముందు తోటకి చేరి, మొగుడి సమాధి వెనక కూర్చుని, అప్పుడు గంపలో బెల్లం కలిపేది.

కలపడమంటే గంప మొత్తం కలిపేది కాదు. ఒక వైపు, అంచు పక్కన, రెండు దోసిళ్ళంత మేర బెల్లం తగలనిచ్చేది కాదు. అది నూకరత్నానికి.

నూకరత్నం ఆమె తోటికోడలు, మరిది దాసు భార్య. రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. ఆ పిల్ల దేవరాపల్లి నుంచి కాపరానికొచ్చి ఏడాది తిరక్కుండానే, 1966 సంక్రాంతి వెళ్ళిన వారానికి, అచ్చియ్యమ్మ మొగుడు పరదేశి పోయాడు. చర్చి గంట కొట్టే మనిషి. మూడు రోజులు జ్వరంతో పడుకుని నాలుగో రోజు మధ్యాహ్నం కళ్ళు తేలేశాడు. సరిగ్గా ఆ పొద్దున్నే దాసుకి పంచదార ఫ్యాక్టరీలో పర్మనెంటు ఉద్యోగం కాగితం వచ్చింది. వాకిట్లో శవాన్ని పడుకోబెట్టి అచ్చియ్యమ్మ గుండెలు బాదుకుంటూ ఉండగా గోడవతల నుంచి పరమాన్నం వాసన వచ్చింది. కొత్తబెల్లంతో, పాలు పోసి వండే పరమాన్నం. ఆ వాసన ముక్కుకి తగలగానే ఆమె ఏడుపు ఆగిపోయింది.

సొంత బావగారి శవం లేవకుండా పక్కింట్లో పొయ్యి మీద తీపి! ఆమె అప్పుడు ఎవరితోనూ ఏమీ అనలేదు. నూకరత్నాన్ని పిలిచి అడగనూ లేదు. అడిగితే ఏదో ఒక జవాబు వస్తుంది, జవాబు వింటే కోపం పలచబడుతుంది. అచ్చియ్యమ్మకి ఆ కోపం చిక్కగానే కావాలి, మొగుడు పోయాక ఆ ఇంట్లో ఆమెకి తోడుగా మిగిలింది అదొక్కటే.

ఆ ఏడు ఈస్టరుకే శిక్ష మొదలైంది. వరసలో గంప పట్టుకుని నడుస్తూ, నూకరత్నం ముందుకి రాగానే గంప అటు తిప్పి అంచున ఉన్న ఉప్పువి తీసి దోసిట్లో పోసింది. తన చేతి తీపి ఈ నోటికి చచ్చేదాకా అందదని లోపల ఒట్టు పెట్టుకుంది. సమాధుల తోటలో పెట్టింది కాదనకూడదు, ఇంటికి పట్టుకుపోకూడదు, తింటున్నంతసేపూ మాట్లాడకూడదు. ఈ మూడు నియమాలూ ఆమె కోపానికి బాగా కలిసొచ్చాయి. నూకరత్నం ఒక్క గింజ వదలకుండా తినేసి, చేతులు దులుపుకుని, తల వంచి వెళ్ళిపోయింది.

అది అచ్చియ్యమ్మకి నచ్చలేదు. ఆ మొహంలో ఏదో ఒకటి కనబడాలి కదా, అవమానమో, ఏడుపో. ఏమీ కనబడలేదు. పొగరు అనుకుంది. మరుసటి ఏడు ఆ వైపు ఇంకాస్త ఉప్పు చల్లింది. ఆపై ఏడు ఇంకాస్త. నూకరత్నం తింటూనే ఉంది. ఆమెకి పిల్లల్లేరు. దాసు చర్చి మొహం చూడడు, ఈస్టరు రోజుల్లో ఎప్పుడూ ఫ్యాక్టరీలో చెరుకు క్రషింగు డ్యూటీలోనే ఉంటాడు. ఆ దోసెడు రుచి ఇదీ అని చెప్పే మనిషి ఆ ఇంట్లో లేడు. ఇవేవీ అచ్చియ్యమ్మ ఆలోచించలేదు. తన కోపం అవతలి మనిషికి అందుతోందా లేదా అని ఒక్క ఏడూ సరిచూసుకోలేదు. గోడ మీంచి నూకరత్నం అక్కా అని పిలిచి గిన్నెతో కూర పెడితే, తీసుకుని కోళ్ళకి వేసేది. పలకరిస్తే పలికేది కాదు. మొగుడు పోయిన మనిషి, కాపరం చేసుకుంటున్న తోటికోడలితో మాట రావడం లేదని నూకరత్నం సరిపెట్టుకుంది.

ఇలా తొమ్మిది ఈస్టర్లు గడిచాయి. పదోది 1975లో. దానికి వారం ముందు నూతి దగ్గర నాచు మీద కాలు జారి అచ్చియ్యమ్మ కుడి మణికట్టు విరిగింది. వెదురుబద్దలతో కట్టు కట్టారు. ఆ చేత్తో నూనె తిప్పడం మాట అటుంచి, చెంబు ఎత్తడం కూడా కుదరదు. పాస్టరు గారు ఊరికి కొత్త. ఎవరి మధ్య ఏముందో తెలియక, మీ తోటికోడలు ఉంది కదా, ఆమె కలుపుతుందిలే అని తేల్చేశారు.

గంప చెయ్యి దాటితే అన్నీ దాటినట్టే. పేటలో తనకున్న ఒక్క మర్యాదా, నూకరత్నానికి తను వేసిన శిక్షా, రెండూ ఆ గంపలోనే ఉన్నాయి. ఎడం చేత్తో కలుపుతానని అచ్చియ్యమ్మ మొరాయించింది. పాస్టరు గారు వినలేదు. ఆ రాత్రి అన్నం మానేసి గోడకేసి చూస్తూ కూర్చుంది. పొద్దున్న స్త్రీల సమాజం పెద్ద అప్పలనరసమ్మ వచ్చి, ఏది ఎంత వెయ్యాలో, ఎలా కలపాలో చెప్తే ఆ పిల్లకి చెప్తానంది. చెప్పకూడదని అప్పటికే తీర్మానించుకుని ఉంది అచ్చియ్యమ్మ. చెయ్యనీ, చేసి నలుగురిలో నవ్వులపాలు కానీ అనుకుంది.

"దానికి నేను సెప్పాలేటి? తొమ్మిదేళ్ళు నా సేత్తో తిన్నాది. తిన్న నోటికి తెలీదేటి?" అంది.

అప్పలనరసమ్మ ఆ మాటే పట్టుకెళ్ళి అప్పగించింది. నూకరత్నం తల ఊపింది. ఇంకెవరినీ అడగలేదు. అక్క అలా అన్నాక అడగడం నామోషీ. శనివారం సాయంత్రం రోట్లో కల్లుప్పు నూరుతున్న చప్పుడు గోడవతల నుంచి చాలాసేపు వినబడింది. బెల్లం కొట్టే చప్పుడు కోసం అచ్చియ్యమ్మ చెవులు రిక్కించి కూర్చుంది. ఆ చప్పుడు రాలేదు. బెల్లం ముందే కలిపేసి ఉంటుంది, తెల్లారేసరికి గంపంతా ముద్దవుతుందని సంబరపడి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

ఆదివారం పొద్దు పొడిచింది. పాటలు అయ్యాయి. నూకరత్నం కొత్త చీర కట్టుకుని, గంప నడుం మీద పెట్టుకుని, వరస మొదటి నుంచి దోసెడు దోసెడు పోసుకుంటూ వచ్చింది. అచ్చియ్యమ్మ ఎడం చెయ్యి ఒక్కటే చాపింది. అందులో పడ్డ మరమరాలు మెత్తబడలేదు. పొడిపొడిగా, చక్కగా ఉన్నాయి. కడుపు మండిపోయింది. నోట్లో వేసుకుంది.

ఉప్పు. ఒట్టి ఉప్పు. ఆఖరి ఏడు కసి కొద్దీ తను చల్లిన ఉప్పు ఎంతో, అంతే, కొలిచినట్టు.

వరసలో ఎవరో దగ్గారు. ఒక ముసలాయన నీళ్ళు కావాలని సైగ చేశాడు. పిల్లలు ఉమ్మేస్తుంటే తల్లులు నోళ్ళు మూశారు. చివరికి నియమం సంగతి మరిచిపోయి అప్పలనరసమ్మ నోరు తెరిచింది.

"ఒసే రత్నం, బెల్లమేదే?"

"బెల్లమేటి పిన్నీ?" అంది నూకరత్నం.

ఏటా వేసే బెల్లమేనని అప్పలనరసమ్మ కసిరింది. నూకరత్నం గంపలోకి చూసింది, చుట్టూ ఉన్న మొహాలు చూసింది. తను తప్పు చేశానని తెలిసింది గానీ ఎక్కడో తెలియలేదు. తొమ్మిదేళ్ళూ తిన్నది తిన్నట్టే, నాలుక మీద పెట్టుకుని రుచి చూసి మరీ ఉప్పు వేశానని గొణిగింది. తరవాత అచ్చియ్యమ్మ వైపు తిరిగింది. కోపంతో కాదు, పాఠం అడుగుతున్నట్టు తిరిగింది.

"సెప్పక్కా. నువ్వు బెల్లం ఎప్పుడేసేవు?"

తోటలో అందరూ అచ్చియ్యమ్మ వైపే చూశారు. ఆమెకి తిట్లు వచ్చు, అబద్ధం రాదు. పైగా ఈ మాట నలుగురిలో చెప్పాలని తొమ్మిదేళ్ళుగా లోపల ఉడుకుతూనే ఉంది.

"ఏటా ఏసేను. అందరికీ ఏసేను, నీకే ఎయ్యలేదు. నా మొగుడి శెవం వాకిట్లో ఉంటే పరమాన్నం వండుకున్నావు, అందుకు."

నూకరత్నానికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యేకొద్దీ ఆమె మొహం మారింది. ఇన్నేళ్ళుగా ఆ మొహంలో ఏది చూడాలని అచ్చియ్యమ్మ వెతికిందో అది ఇప్పుడు కనబడింది. కనబడితే సంతోషం కలగలేదు.

"ఆ కుండ బావ ఉండగానే పెట్టేను. బావ పోయేడని నీ ఏడుపు ఇని, సగం ఉడికిన కుండ దింపీసి, దొడ్లో గొయ్యి తీసి కప్పెట్టీసేను. ఒక్క మెతుకు ముట్టుకోలేదు. ఒక్కమాట అడిగుంటే గొయ్యి సూపెడుదును," అంది నూకరత్నం.

అచ్చియ్యమ్మకి కుక్కలు గుర్తొచ్చాయి. పరదేశిని పాతిపెట్టిన తరవాత మూడు రోజులపాటు పేట కుక్కలు ఆ దొడ్లో మునగచెట్టు కింద తవ్వుతూ ఉన్నాయి. గోడ మీంచి తన కళ్ళతో చూసింది. చూసి, కుక్కలకి కూడా మిగిలేంత వండుకున్నారని పళ్ళు నూరుకుంది.

పాస్టరు గారు తొందరగా ఒక పాట ఎత్తుకున్నారు. జనం ఇళ్ళకి పోయి పొయ్యిలు రాజేసుకున్నారు. ఆ పూట నుంచి గోడ మీంచి పిలుపు లేదు, కూరగిన్నె లేదు. తొమ్మిదేళ్ళు ఒక వైపు నుంచే నడిచిన పగ ఇప్పుడు రెండో వైపు నుంచి మొదలైంది. అచ్చియ్యమ్మ రెండుసార్లు గోడ దగ్గర నిలబడి దగ్గింది. ఇంకోసారి ఒసే రత్నం అని పిలిచింది కూడా. అవతల నుంచి తలుపు గడియ పడిన చప్పుడు వచ్చింది.

మరుసటి ఏడాదికి మణికట్టు కొంచెం వంకరగా అతుక్కుంది. గంప మళ్ళీ ఆమెకే ఇచ్చారు. ఇవ్వకపోతే బాగుండునని మొదటిసారి అనుకుంది, అయినా తీసుకుంది. రోలుగుంట దాకా నడిచి వెళ్ళి, రెండేళ్ళనాటి పాతబెల్లం అడిగి తెచ్చుకుంది. వంకర చెయ్యి నొప్పి పెడుతున్నా సన్నగా కొట్టింది. ఆదివారం పరదేశి సమాధి వెనక కూర్చుని గంప అడుగుదాకా తిరగేసి కలిపింది. ఏ వైపూ మిగల్చలేదు.

నూకరత్నం వరసలో చివరన నిలబడింది. వస్తుందో రాదో అని ఆ పొద్దున్నంతా అచ్చియ్యమ్మకి ప్రాణం కొట్టుకుంది. దగ్గరికి రాగానే గంప మధ్యలోంచి, బెల్లం ఎక్కువగా ఉన్న చోటు నుంచి, నిండా తీసింది. నూకరత్నం దోసిలి పట్టే ఉంది. పెట్టింది కాదనకూడదు, ఆమె కాదనలేదు. అచ్చియ్యమ్మ మొహంలోకి చూడకుండా గంపలోకి చూస్తూ అడిగింది.

"నాకు ఉప్పుదే పెట్టక్కా. అలవాటైపోనాది."

అచ్చియ్యమ్మ తీసింది మళ్ళీ గంపలోనే వేసి, చెయ్యి పెట్టి వెతికింది. ఈ అంచు చూసింది, ఆ అంచు చూసింది, అడుగున చూసింది. ఎక్కడ తీసినా బెల్లమే వస్తోంది. నూకరత్నం కాసేపు దోసిలి అలాగే పట్టుకుని నిలబడి, ఆ తరవాత ఖాళీ చేతులు విడదీసి, చీరకి తుడుచుకుని వెళ్ళిపోయింది.