బాపమ్మకు పోని పండుగ పిలుపు

మా చిన్నప్పుడు డిసెంబరు ఇరవై ఐదు తెల్లవారిందంటే నాకొక పెద్ద పని ఉండేది... నాలుగిళ్ల అవతల ఉండే మా బాపమ్మను పండుగకు పిలుచుకొని రావడం.

సోలాపూర్ భవాని పేటలో, పొద్దుగూకులూ మగ్గాలు ఆడే గల్లీ మాది. బాపమ్మ అంటే మా నాన్నను కన్న తల్లి. నాన్నను మేము బాపు అనేవాళ్లం. బాపు బాప్తిస్మం తీసుకున్న రోజునే ఆమె బట్టల మూట చంకన పెట్టుకొని, "ఇగ నీ గడప తొక్క" అని చిన్నాయన ఇంటికి వెళ్లిపోయిందట. ఎదురుపడినా కొడుకుతో మాట్లాడేది కాదు. నన్ను మాత్రం పిలిచి, కొంగుకు ముడేసుకున్న పుట్నాలు తీసి పెట్టేది...

అయితే మా వాళ్లలో ఒక పట్టింపు ఉంది. పండుగకు ఇంటి ఆడపిల్ల వచ్చి పిలిస్తే కాదనకూడదు. అది ఏ దేవుడి పండుగైనా సరే. మా అవ్వ (అమ్మను అలాగే పిలిచేవాళ్లం) ఆ పట్టింపు ఆసరా చేసుకొని, మొదటి క్రిస్మస్‌కే నన్ను పంపింది. బాపమ్మ గొణుక్కుంటూనే వచ్చేసింది!

అప్పటినుంచి ఏటా ఆ ఒక్క రోజు వచ్చేది. వట్టి చేతులతో కాదు. దీపావళికి చిన్నాయన వాళ్లింటి ముందు కట్టిన ఆకాశ్ కందీలు తెచ్చేది... వెదురు పుల్లలకు రంగు కాగితం అతికించి లోపల దీపం పెడతారే, అది. పండుగయ్యాక ఎవరినీ పారేయనిచ్చేది కాదు. చినిగిన కాగితం పీకి, మగ్గం మీది పడుగు నూలుకు పెట్టే గంజితోనే కొత్త ఎర్ర కాగితం అంటించేది. మా క్రిస్మస్ చుక్క అదే.

బాపు దూలానికి కడుతుంటే ఆమె కింద నిలబడి, కొడుకుతో మాట్లాడదు కాబట్టి నాతో అనేది... "చెప్పే మీ బాపుకు, ఇంకింత మీదికి కట్టుమను." బాపు నవ్వు ఆపుకొని ఇంకింత పైకి కట్టేవాడు. మా ఇంట్లో అన్నం ముట్టేది కాదు. ఒక అరటిపండు తిని, పొద్దుగూకే దాకా కొడుకు మగ్గం పక్కనే కూర్చునేది.

తర్వాత రెండో ప్రపంచ యుద్ధం రోజులు వచ్చాయి. ఎక్కడినుంచో ఒక బోధకుడు వచ్చి మా సంఘంలో నాలుగు రోజులు చెప్పాడు. ఏసయ్య ఫలానా తేదీన పుట్టాడని బైబిలు వాక్యంలో లేదు, అది ఒకప్పుడు సూర్యుణ్ణి కొలిచినవాళ్ల పండుగ, ఈ దీపాలూ చుక్కలూ అన్యుల ఆచారం అని.

బాపు అన్నింటికీ ఖచ్చితం మనిషి. పడుగులో ఒక్క పోగు తెగినా మగ్గం ఆపి అతికేదాకా ఊరుకోడు. పైగా ఆయనకు వేరే మంట కూడా ఉంది. క్యాంపులో ఉండే తెల్లదొరల క్రిస్మస్ కోసం ఎర్ర అంచు బల్లగుడ్డలు నేయమని, మాకు నూలిచ్చి నేయించుకునే సేటు నెల ముందునుంచే వెంటపడేవాడు. "ఏసయ్య ఆనాడు పుట్టిండో లేదో గని, సేటుకైతే గిరాకి పుట్టింది" అనేవాడు బాపు.

ఆయన అన్నది తప్పని ఇప్పటికీ నేను అనలేను...

"ఈయేడు పండుగ లేదు. కందీలు గూడ వద్దు. అవన్ని అన్యులయి" అన్నాడు.

"మరి అత్త?" అంది అవ్వ.

"అన్యులంటే ఎవరు బాపు?" అని అడిగాను నేను.

"మన దేవున్ని ఎరుగనోళ్లు బిడ్డా."

"అయితే బాపమ్మ గూడ అన్యురాలేనా?"

బాపు నా వైపు చూడకుండా మగ్గం మీద కూర్చున్నాడు. పండుగ నాడు కూడా తెల్లారకముందే మగ్గం మొదలుపెట్టాడు.

ఆ పొద్దున నల్లా నీళ్లకు పోతూ చిన్నాయన ఇంటి ముందు నుంచి వెళ్లాను. బాపమ్మ తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకొని అరుగు మీద కూర్చుంది. ఒళ్లో కందీలు, కొత్త ఎర్ర కాగితంతో. నన్ను చూసి లేవబోయింది.

"పిలువనొచ్చినవా? నడువు, పోదం."

"లేదు బాపమ్మా... ఈయేడు పండుగ లేదట."

మళ్లీ అరుగు మీద కూర్చుంది. "ఏందే... ఈయేడు మీ దేవుడు పుట్టలేదా?"

నేను పకపకా నవ్వాను. ఎనిమిదేళ్ల దాన్ని, నిజంగానే నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. "పో, నీళ్లు బందయితయి" అని పంపేసింది. ఇంటికొచ్చి ఆ మాట అవ్వకు చెప్పి మళ్లీ నవ్వాను. అవ్వ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది. లోపల మగ్గం ఆగింది... చాలాసేపటికి గానీ మళ్లీ ఆడలేదు.

ఉగాది రాకముందే బాపమ్మ జ్వరంతో పోయింది.

మరుసటి డిసెంబరులో, అదే రోజు పొద్దున్నే బాపు కాళ్లూ చేతులూ కడుక్కొని, నా చెయ్యి పట్టుకొని చిన్నాయన గడప ముందు నిలబడ్డాడు. "తమ్మీ, పండుగకు పిలువనొచ్చిన" అన్నాడు.

చిన్నాయన బయటికి వచ్చాడు. "పిలిస్తే వచ్చేటామె పోయింది గద అన్నా..." అన్నాడు. లోపలికి వెళ్లి అటక మీదినుంచి కందీలు దించి నా చేతుల్లో పెట్టాడు. ఎర్ర కాగితం అట్లాగే ఉంది. లోపల ఎక్కడా దీపం మసి లేదు.

ఆ సాయంత్రం బాపు దాన్ని దూలానికి కట్టాడు. కట్టి, అలవాటుగా కిందికి చూశాడు... ఇంకింత మీదికి కట్టుమనేవాళ్లు ఎవరూ లేరు. తాడు పట్టుకొని అట్లాగే నిలబడిపోయాడు.

ఇప్పుడు నాకు తొంభైకి దగ్గర. నేను చెప్తుంటే మా మనవరాలు ఇది టైపు చేస్తోంది. నవంబరు నుంచే దుకాణాల నిండా ప్లాస్టిక్ చుక్కలు... ఫోన్ల నిండా క్రిస్మస్ చేయాలా వద్దా అని వాదనలు. రెండు వైపులా వాక్యాలు చూపిస్తారు. అన్నీ చదివించుకొని వింటాను. బాపు గొంతు వినిపిస్తుంది, బాపమ్మ అడిగిన మాటా వినిపిస్తుంది. ఆ మాటకు నవ్వినందుకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మీ ఇంట్లో కూడా పిలుపు కోసం అరుగు మీద కూర్చున్న మనిషి ఎవరైనా ఉంటే కింద రాయండి... మనవరాలు చదివి వినిపిస్తుంది. ఆ మనిషి ఇంకా ఉంటే మాత్రం, రాయడం తర్వాత... ముందు పోయి పిలవండి.