తువ్వాల కింద నబీ సాబ్ వేళ్లు

పెబ్బేరు సంతలో దళారి నబీ సాబ్ వేళ్లు ఒక్కసారి లెక్క తప్పాయంటే ఆ రోజు కృష్ణమ్మ శ్రీశైలం నుంచి జూరాలకు ఎదురెక్కి పారుతుంది. తువ్వాల కింద చెయ్యి పెట్టాడంటే ఎద్దు ధరే కాదు, దాన్ని అమ్ముకొచ్చినవాడు పొద్దున ఏం తిన్నాడో కూడా చెప్పేస్తాడు.

ఆ సంతలో ధర నోటితో చెప్పరు. తువ్వాల కప్పి దళారి వేళ్లు పట్టుకుంటారు. ఒక్కో వేలు పదివేలు. చుట్టూ వందమంది నిలబడినా గుట్టు ఆ గుడ్డ దాటదు.

నబీ సాబ్ గుట్టు కూడా ఆ గుడ్డ కిందే దాగింది. షుగరు వచ్చి తొమ్మిదేళ్లు. మాత్ర ఒకరోజు వేసుకుంటే రెండు రోజులు మరిచేవాడు. వెంకటన్న హోటల్లో చాయ్ మాత్రం ఏనాడూ మరవలేదు. ఒకనాడు ఇంటికొస్తే మడమలో తుమ్మముల్లు చూసి భార్య షాహెదా నెత్తి కొట్టుకుంది.

"ఇంత ముల్లు దిగినా తెల్వలేదా జీ? అది కాలా, కట్టెనా?"

దవాఖానలో డాక్టరమ్మ కళ్లు మూసుకోమని, సన్నటి దారంతో పాదం పొడుస్తానంది. "తెలుస్తుందా?" అంటే "ఆ, మంచిగ తెలుస్తుంది" అన్నాడు. అప్పటికి ఆమె ఇంకా పొడవనే లేదు.

"నెత్తురుల షుగరు ఏండ్లకేండ్లు ఎక్కువుంటే నరాలు చెడతయి పెద్దాయనా. ముందు కాళ్లు, తర్వాత చేతులు. కండ్లు, కిడ్నీలు గూడ చూపించుకోవాలె. పోయిన స్పర్శ మళ్ల రావుడు కష్టం. ఉన్నది కాపాడుకో."

ఏడాది తిరక్కముందే చేతులకు గోనెసంచి తొడిగినట్టయింది. చెబితే ఎవడు చెయ్యిస్తాడు? మానేద్దామంటే ముప్పై ఏళ్లుగా వేరే పని తెలియదు. అందుకని అవతలివాడి చెయ్యి గట్టిగా నొక్కి, మొహం చదవడం మొదలుపెట్టాడు. సాబ్‌ది ముసలితనంలో ఉడుంపట్టయిందని జనం మెచ్చుకున్నారు కూడా.

మొన్న శనివారం ధరూర్ భీమన్న ఎద్దును తోలుకొచ్చాడు. పెళ్లికొచ్చాడో చావుకొచ్చాడో చెప్పని మొహం అతనిది. తువ్వాల కింద ఐదు వేళ్లు పట్టి, విడిచి, మూడు పట్టాడు. చివరిది నబీ సాబ్‌కు ఏదో మెత్తగా తగిలింది. రెండా, మూడా? మళ్లీ అడిగేవాడు దళారే కాడు. అప్పటికే డెబ్బై ఇస్తానన్న కొనేవాడి చేతిలో పలుపు పెట్టి "డెబ్బైకి ఖాయం!" అని అరిచాడు.

భీమన్న పలుపు గుంజుకున్నాడు. "నేను ఎనిమిది పట్టిన! వానితాన ఎంత తిన్నవ్ సాబ్?"

జనం మూగారు. దొంగననిపించుకోవాలి, లేదా చేతులు చచ్చాయని చెప్పాలి. దొంగకు వచ్చే వారమైనా బేరం దొరుకుతుంది. చచ్చిన చేతికి ఎన్నడూ దొరకదు. నబీ సాబ్ తువ్వాల కింది చెయ్యి బయటికి తియ్యలేదు.

వెంకటన్న చాయ్ గ్లాసులతోనే దూసుకొచ్చాడు. "ఏయ్ భీమన్నా, నోరు జర సంభాళించు! గా వేళ్లు తప్పుతయా? నీ ఎద్దు పండ్లు చూసి, ఈడు మీరిన గిది డెబ్బైకే ఎక్కువని కావాలనే తగ్గించిండు. చెప్పు సాబ్!"

భీమన్న సగం నమ్మి ఎద్దు నోటివైపు చూశాడు. పలుపు పట్టిన పిడికిలి వదులవుతోంది. నబీ సాబ్ ఆ పిడికిలినే చూస్తూ తువ్వాల తీసేశాడు.

"లేదు వెంకటన్నా. ఎద్దు పండ్లు మంచిగనే ఉన్నయ్. నాకే వేళ్లు తెల్వలే. షుగరున్నది. చేతులు మొద్దువారి రెండేండ్లాయె."