మట్టిగోడకు అవతలి చేయి

మా అక్క సరోజ తిరుపతి దగ్గర ఒక కుట్టు యూనిట్‌లో పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. నిరుడు ఒక బట్టల కట్ట కనిపించకపోతే సూపర్‌వైజరు అందరి ముందూ ఆమె సంచి తిరగేసి చూశాడు. వారానికి ఆ కట్ట గోడౌన్‌లోనే దొరికింది. తప్పయిందని మాత్రం ఎవరూ అనలేదు. అప్పటినుంచి అక్క పనికి వెళ్లడం, రావడమే గాని నోరు విప్పి మాట్లాడింది లేదు. కార్వేటినగరంలో ఎవరో మట్టిగోడ కట్టి, కోపం ఉన్నవాళ్లను వచ్చి గుద్దమంటున్నారని విని, ఒక ఆదివారం ఆమెను బలవంతంగా బయలుదేరదీశాను.

తిరుపతిలో ఏడున్నరకు పుత్తూరు బస్సెక్కాం. గంట పైనే పట్టింది. అక్కడినుంచి షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు.

"కొట్టేదానికి పోతాండారా, సూసేదానికా?" అన్నాడు డ్రైవరు.

"సూసేదానికే," అంది అక్క.

"అందురూ అట్లే అంటారు మా," అని నవ్వాడు.

ఊరి బయట మామిడితోటలో రేకుల షెడ్డు. మధ్యలో మనిషెత్తు పచ్చిమట్టి గోడ, మూరెడు మందం. రెండువైపులా జనం పిడికిళ్లతో గుద్దుతున్నారు. ఒకరు చేసిన గుంటలోనే తరువాతివాళ్లు గుద్దాలి, అదొక్కటే నియమం. గోడ కట్టిన శాంతి కుమ్మరి ఇంటి బిడ్డ, శిల్పకళ చదువుకుంది. "ఎవురిమీద కోపమో నాకు సెప్పాల్సిన పన్లేదు అక్కా. ముందు కొట్టినోళ్ల గుంటలో చెయ్యి పెట్టి సూడు. ఆనక నీ ఇష్టం," అంది.

అక్క చాలాసేపు ఆ గుంటలో చేయి పెట్టుకుని నిలబడింది. మొదటి దెబ్బ మెల్లగా వేసింది. రెండోది గట్టిగా. తర్వాత కొంగు నడుముకు దోపుకుంది. "నేను తియ్యలే," అంది గొణుగుతూ. మళ్లీ గుద్ది, ఈసారి షెడ్డంతా వినబడేలా అంది, "నేను తియ్యలేదు." వెనక వరుసలో ఉన్నవాళ్లు ఎవరూ తమ వంతు అడగలేదు. "ఇంకా కొట్టు మా," అందొక ముసలామె. అవతలినుంచి కూడా అదే చోట దెబ్బలు పడుతున్నాయి. ఉన్నట్టుండి మట్టి విరిగి, అక్క చేయి మోచేతిదాకా దూసుకుపోయింది. అటువైపు ఎవరో ఆ చేతిని పట్టుకున్నారు, వదల్లేదు. ఈలలు, చప్పట్లు. చుట్టూ తిరిగి వెళ్లి చూస్తే పూతలపట్టు నుంచి వచ్చిన రైతు, యాభై దాటినవాడు, కళ్లనిండా నీళ్లు. "నాది అయిపోయినాది. నీదీ అయ్యిందా మా?" అని అడిగాడు. అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి ఎన్నాళ్లయిందో.

తోటలోనే వంట చేసే మునెమ్మ మాకు రాగిసంగటి, చెనిక్కాయల పచ్చడి ఊరిబిండి వడ్డించింది. "కొట్టకముందు ఒక ముద్ద తినేవోళ్లు కొట్టినాక రెండు తింటారు," అంది. అక్క మూడు తింది.

మర్నాడు అక్క తన సంచి తిరగేసిన చోటే నిలబడి, అందరి ముందూ తప్పు ఒప్పుకోమని సూపర్‌వైజరును అడిగింది. ఆయన ఒప్పుకున్నాడు. కోపాన్ని ఆ గోడ దగ్గర వదిలేసి వస్తుందని నేను తీసుకెళ్లాను. తను వెంట తెచ్చుకుంది, తెచ్చుకుని మంచి పనే చేసింది. మీరు వెళ్లేటట్టయితే గాజులూ ఉంగరాలూ ఇంట్లోనే తీసిపెట్టి వెళ్లండి. అవతలివాళ్లు చేయి గట్టిగా పట్టుకుంటారు.