పసుపుతాడు కింద పెన్‌డ్రైవ్

నిన్న కొత్త ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఎక్కించాను. రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఇన్‌స్టలేషన్ మళ్ళీ మొదటికే వచ్చింది. చెయ్యి విసురుగా పైకి లేచింది.

మా ఇంట్లో తొలి కంప్యూటరూ ఇలాగే మొరాయించింది. కొత్త పడవకి కట్టినట్టే అమ్మ దానికీ పసుపుతాడు చుట్టింది. విండోస్ ఎక్కించడానికి అన్న పెట్టిన పెన్‌డ్రైవ్ ఆ తాడు కింద బిగుసుకుపోయింది.

"పెన్‌డ్రైవ్ తీయకపోతే మళ్ళీ మొదటికే వస్తాది. తాడు తెంపితేగానీ అది బయటికి రాదు నాన్నా," అన్నాడు అన్న.

"శుభమా అని కట్టిన తాడు తెంపీమంతావేట్రా?" అంటూ నాన్న వల తాడుతో బాదాడు. అన్న కంప్యూటర్ మీద పడ్డాడు. పసుపుతాడు తెగింది, పెన్‌డ్రైవ్ ఊడింది. అన్న ముక్కు నెత్తురు కీబోర్డు మీద కారుతుండగా కంప్యూటర్ రీస్టార్ట్ అయి విండోస్ తెర నీలంగా వెలిగింది.

"సూసినావా, దెబ్బ పడితేగానీ దారికి రాదు," అన్నాడు నాన్న. నేను ఏళ్ళతరబడి నమ్మాను.

నిన్న లేచిన చెయ్యి దించి, పెన్‌డ్రైవ్ లాగి రీస్టార్ట్ చేశాను. తెర వెలిగింది. అన్న చెప్పింది అంతే.