ఆపరేటర్ మామ అడిగిన ఒక్క ఆట

సూరత్ నవాగామ్‌లో మా పాత గల్లీలో ఉండే ఆపరేటర్ మామ పోయిన నెల చనిపోయాడు. ఫోన్ వచ్చేసరికి నేను మల్టీప్లెక్స్ ఆఫీసులో వారం ఆటల పట్టిక వేస్తున్నాను. ఆయన అడిగిన ఆట ఆ పట్టికలో లేదు. అప్పటినుంచి నాకు కుదురు లేదు.

ఆయన మాకు చుట్టం కాదు. మా నాన్నతో కలిసి కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికి సూరత్ వచ్చాడు. ఆ చప్పుడు పడక సినిమా హాల్లో ప్రొజెక్టర్ దగ్గర చేరాడు. అక్కడ ఆదివారం పొద్దుటి ఆట ఒక్కటే తెలుగు. ఆదివారం గదుల్లో అందరూ ఉంటారు, పడుకోవడానికి చోటుండదు. అందుకని రాత్రి పాళీ దిగినవాళ్లు టికెట్ కొనుక్కుని వచ్చి హాల్లో నిద్రపోయేవాళ్లు. ఏడుపు సీన్లలో మామ సౌండ్ తగ్గించేవాడు. పాటకో ఫైటింగుకో ముందు పెంచేవాడు. వాళ్లు ఉలిక్కిపడి లేచి, వెనక్కి తిరిగి, పైన ప్రొజెక్టర్ కిటికీ వైపు చెయ్యి ఊపి సినిమాలో పడేవాళ్లు.

అమ్మ ఏడ్చే సీను వినబడలేదని చిన్నప్పుడు నేను పోట్లాడితే, "జర పండుకోనీ బిడ్డా. తల్లి ఏడ్సుడు మనకు కొత్తనా?" అన్నాడు.

ఇంకోచోట కూడా తగ్గించేవాడు. అప్పట్లో తెరమీద మా యాస మాట్లాడేవాడు రౌడీ అయినా కావాలి, హీరో చేతిలో తన్నులు తినే పనివాడైనా కావాలి. వాడు నోరు తెరవగానే సౌండ్ పడిపోయేది. అది నిద్రపోయేవాళ్ల కోసం కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

తెలంగాణ వచ్చింది. మెల్లగా హీరోలే మా యాస పట్టారు. అప్పటికే ఆయన హాలు చీరల గోదాం అయిపోయింది. సినిమాలు దేశమంతా ఒకేరోజు విడుదలవుతున్నాయి, ఇక్కడికి మాత్రం హిందీలో వస్తున్నాయి. ఒకరోజు మామ నా ఆఫీసుకు వచ్చాడు.

"హీరో మన తీరు మాట్లాడంగ ఒక్కపారి ఇనాలె బిడ్డా. ఫోన్ల గాదు, హాల్ల. సౌండ్ నిండుగ పెట్టి."

"హిందీ అయితేనే సీట్లు నిండుతయ్ మామా. బొంబాయి ఆఫీసోళ్లు ఒప్పుకోరు."

"ఏందో గమ్మతు. ఆడు మన మాట నేర్చేటాల్లకు ఈడ మాట మార్చిర్రు" అని నవ్వాడు. "అడిగి సూడు. అడగంది అమ్మయినా పెట్టది."

మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ "సూద్దాం మామా" అన్నాను. బొంబాయి వాళ్లను నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఖాళీ సీట్లు చూపించి నన్ను నిలదీస్తారని భయం. ఈ మాట ఆయనకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

ఆయన దినాలు అయ్యాక బొంబాయికి ఫోన్ చేశాను. రెండు నిమిషాల్లో సరేనన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నా మీద నాకే అసహ్యం వేసింది.

నిన్న ఆదివారం పొద్దున తెలుగు ఆట పడింది. హాలు సగం కూడా నిండలేదు. పాళీ దిగి వచ్చిన పాతవాళ్లు కొందరు అలవాటుగా నిద్రపోయారు. ఇప్పుడు ప్రొజెక్టర్ గదిలో ఎవరూ కూర్చోరు, అన్నీ వాటంతట అవే నడుస్తాయి. నేనే వెళ్లి నిలబడ్డాను. హీరో మాట్లాడబోయే ముందు సౌండ్ మొత్తం పెంచాను. "ఏందిరా" అన్న మాట హాలంతా మోగింది.

ముసలివాళ్లు ఉలిక్కిపడి లేచారు. తెర వైపు చూడలేదు. వెనక్కి తిరిగి, పైన కిటికీ వైపు చెయ్యి ఊపారు.