అడవిలోకి నడిచి వెళ్లిన మంచాలు

రూప్‌సింగ్ తోలిన మంచాలు వాటి కాళ్ల మీద అవే నడిచి అడవి ఊళ్లకు చేరాయని పెనుబల్లి చుట్టుపక్కల తండాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది అబద్ధం. అయితే పూర్తి అబద్ధమూ కాదు.

కల్లూరులో చెంచురామయ్య గారికి చెక్క సామాన్ల కార్ఖానా ఉండేది. కోస్తా నుంచి వచ్చి, పత్తి ముంచితే మిరప వేసి, మిరపా ముంచాక టేకు మంచాలు పట్టుకుని ఒడ్డున పడ్డ మనిషి. ఎనభైల మొదట్లో ఆయన పెళ్లిమంచమంటే భద్రాచలం దారిలోని అడవి అంచు ఊళ్లన్నిటా పేరు. చేయడంలో లోటు లేదు. చిక్కంతా చేరవేయడంలోనే. ఆ పని రూప్‌సింగ్‌ది. ట్రాక్టరూ అతనిదే, ట్రాలీ అతనిదే, దారి పొడుగునా కోసే కోతలూ అతనివే.

ట్రాలీలో రెండు మంచాలే పట్టేవి. బోర్లించి పేరిస్తే ఇంకా పట్టేవి గానీ, కాళ్లు పైకి పెట్టిన మంచం చావింటి మంచం. ఒక ఏడు తొందరకొద్దీ రూప్‌సింగ్ ఆ పనీ చేశాడు. సైదమ్మ అనే ముసలమ్మ వాకిట్లో చీపురు అడ్డం పట్టి, "నా మనవరాలి పెండ్లికి పాడె తెచ్చినవా?" అని, బంగారం లాంటి టేకు మంచాన్ని గడప ముందు నుంచే తిప్పి పంపింది. ఆ పిల్ల నులకమంచంతోనే కాపురానికి వెళ్లింది.

అప్పటినుంచి రెండేసి తోలడమే. పెళ్లిళ్ల రోజుల్లో ముహూర్తాలు దాటాక మంచాలు చేరేవి. ఒక ఇంట్లో మంచం కంటే ముందు బిడ్డే వచ్చిందని రూప్‌సింగే చెప్పేవాడు. చివరికి చెంచురామయ్య గారు పిలిచి, "ఒరే, ఈ వేసవి ఒక్కటీ చూస్తా. మళ్లీ ఆలస్యమైతే లారీ వాళ్లకిచ్చేస్తా. నన్ననుకోవద్దు," అన్నారు. ఆ కిరాయి పోతే ట్రాక్టరును అమ్ముకోవడమే.

ఆ రాత్రి రూప్‌సింగ్ ఇంట్లో గోడు చెప్పుకున్నాడు. సంగతి విన్న భార్య లాలి గిన్నెలు కడుగుతూ, "విప్పిన మంచానికి కాళ్లు పైకేంది, కిందికేంది?" అంది. తెల్లారేసరికి అది రూప్‌సింగ్ సొంత ఆలోచన అయిపోయింది. చెంచురామయ్య గారికి నచ్చింది. మేస్త్రీ పిచ్చయ్య గొణుక్కుంటూనే మేకులు మాని బోల్టులు పెట్టాడు. మర్నాటి పెళ్లిళ్లకు వెళ్లాల్సిన నాలుగు మంచాలు విడివిడి చెక్కలుగా ట్రాలీ అడుగున సర్దుకున్నాయి. ఇంకా చోటు మిగిలింది. రూప్‌సింగ్ పాట పాడుకుంటూ బయల్దేరాడు.

అయితే దారిలో కలప తనిఖీ చేసే ఫారెస్టు నాకా ఉందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. చేసిన మంచానికి కార్ఖానా బిల్లు చాలు. విడి టేకుకు పర్మిట్ కావాలి. గార్డు బొజ్జయ్య బిల్లు చూశాడు, ట్రాలీ చూశాడు.

"బిల్లుల మంచాలున్నయ్, ట్రాలీల చెక్కలున్నయ్. మంచాలేవి?"

"అవే సార్. పండుకున్నయ్."

"లేపు మరి."

రూప్‌సింగ్ ఎర్రటెండలో పానా పట్టుకుని నాలుగింటినీ లేపాడు. రోడ్డు పక్క దుమ్ములో అవి పెళ్లివారిలా వరసగా నిలబడ్డాయి. బొజ్జయ్య ఒకదాని మీద కూర్చోబోయాడు. పెళ్లికొడుకు కంటే ముందు ఎవరూ కూర్చోరాదని రూప్‌సింగ్ దండం పెట్టాడు. బొజ్జయ్యకూ పెళ్లీడు కూతురుంది. గబుక్కున వెనక్కి తగ్గి బిల్లు మీద ముద్ర కొట్టాడు. కొడుతూనే, మళ్లీ విప్పితే మళ్లీ కలపే అవుతుందని హెచ్చరించాడు.

విప్పకుండా ట్రాలీలో పట్టేవి రెండే. మిగిలిన రెండూ రేపటి ముహూర్తానికి అందవు. రూప్‌సింగ్ తల పట్టుకుని ట్రాలీ నీడన కూలబడ్డాడు.

ఆ రోజు సంత. చింతపండు, ఇప్పపువ్వు అమ్ముకున్న ఎడ్లబండ్లు అడవి ఊళ్లకు ఖాళీగా తిరిగి వెళ్తున్నాయి. సైదమ్మ ఊరి పోతయ్య బండి ఆపి, ఎవరి మంచాలని అడిగాడు. ఒకటి సైదమ్మ చిన్న మనవరాలిదేనని విని, "ఉత్త బండితోని ఇంటికి పోతున్న. పెండ్లిమంచం ఎక్కియ్యి, నాక్కూడ మంచిదే," అన్నాడు.

రూప్‌సింగ్ లేచాడు. వెనకొచ్చే బండ్లను ఆపి ఏ ఊరని అడగడమే. ఒక్కో బండిలో ఒక్కో మంచం, కాళ్లు కిందికే పెట్టుకుని, రాణిలా ఎక్కి కూర్చుంది.

ఈలోగా రోడ్డు మీద మంచాలు పరిచి అమ్ముతున్నారన్న కబురు బస్సువాళ్ల నోట కల్లూరు చేరింది. చెంచురామయ్య గారు అందిన బస్సెక్కి వచ్చి చూస్తే ఖాళీ ట్రాలీ.

"మంచాలేవిరా?"

"పోయినయ్ అయ్యా, ఎవరియి వాళ్లింటికి."

ఆయన ట్రాక్టరెక్కారు. వాళ్లు సైదమ్మ వాకిలి చేరేసరికి పోతయ్య ఎడ్లను విప్పుతున్నాడు. ముసలమ్మ చేతిలో చీపురుంది. బండి చుట్టూ తిరిగి, వంగి, నాలుగు కాళ్లూ తడిమింది.

"కాళ్లకు గీ దుమ్మేంది?"

"నడిచొచ్చింది అవ్వా," అన్నాడు రూప్‌సింగ్.

సైదమ్మ చీపురు మూలకు పడేసి లోపలికి వెళ్లి, చెంబుతో నీళ్లు తెచ్చి, దూరం నుంచి వచ్చిన చుట్టానికి కడిగినట్టు మంచం కాళ్లు కడిగి లోపలికి పిలిచింది.

తిరుగు దారిలో నాకా దాటాక చెంచురామయ్య గారు, "మళ్లీ సంత ఎప్పుడురా?" అన్నారు.