పేరు పిలవని పెద్దాయన

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోపం నాన్నగారి సొంత ఆస్తి. మిగిలినవాళ్ళం దాని జోలికి వెళ్ళేవాళ్ళం కాదు. ఆయన ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరు. ధవళేశ్వరం నుంచి కాలువల్లోకి వచ్చే నీళ్ళు మా వైపు పొలాలన్నిటికీ వంతుల ప్రకారం అందేలా చూడటం ఆయన పని. పొద్దస్తమానం సైకిలు మీద గట్ల వెంబడి తిరిగి ఎండకి నల్లబడిపోయిన మనిషి. రైతులు ఆప్యాయంగా కొబ్బరిబోండాం కొట్టి ఇచ్చినా ముట్టుకునేవారు కాదు. అలాంటి మనిషిని ఒక దాళ్వా పంటకాలంలో, కొత్తగా వచ్చిన ఇంజనీరు కాలువ శివారు రైతులందరి ముందూ నిలబెట్టి, "వీళ్ళ నీళ్ళు ఎంతకి అమ్ముకున్నావయ్యా?" అని అడిగాడట.

ఆ సాయంత్రం నాన్నగారు ఇంటికి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా ఒక తెల్లకాగితం తీసుకుని రాజీనామా రాసేశారు. రేపు పొద్దున్నే ఆ మనిషి బల్ల మీద పడేసి వచ్చేస్తానన్నారు. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. అప్పటికి ఆయన ఉద్యోగంలో చేరి పంతొమ్మిదేళ్ళు దాటాయి. ఇన్నేళ్ళు చాకిరీ చేశాను, నాకు రావలసింది ఎలాగూ వస్తుందిలే అన్నారు నాన్నగారు. అది రాదని మా ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కరే. ఆయనేమో నోరు విప్పలేదు.

ఆయన మా తాతయ్య, అమ్మకి నాన్న. అదే డిపార్ట్‌మెంటులో గుమస్తాగా చేసి రిటైరై, అమ్మమ్మ పోయాక మా దగ్గరే ఉండేవారు. అమ్మ వంటింట్లోకి పిలిచి, మీరైనా ఓ మాట చెప్పండి నాన్నా అని ఏడ్చింది. తాతయ్య పైకండువా కొస నలుపుకున్నారు.

"అల్లుడి ఇంట్లో అన్నం తింటా అల్లుడికే బుద్ధులు చెప్తే ఏం బాగుంటుందమ్మా? అసలే అవమానపడి వచ్చారు. నేనూ ఓ మాటంటే ఇంకో రెండు కాగితాలు రాస్తారు" అన్నారు.

అది నిజమే. మా వైపు ఇళ్ళల్లో మావగారికీ అల్లుడికీ మధ్య ఎప్పుడూ ఒక మర్యాద అడ్డం కూర్చుని ఉండేది. మా తాతయ్య తన కూతురి మొగుణ్ణి పన్నెత్తి ఒక్కసారి కూడా 'నువ్వు' అని ఎరగరు.

తెల్లవారితే ఒకటో తారీఖు, తాతయ్య పెన్షన్ తెచ్చుకునే రోజు. అప్పట్లో పెన్షనంటే సబ్‌ట్రెజరీ ఆఫీసుకి స్వయంగా వెళ్ళి తెచ్చుకోవాలి. పొద్దున్నే ఆయన మోకాలు పట్టుకుని మంచం మీంచి లేవలేనట్టు మూలగడం మొదలుపెట్టారు.

"అల్లుడుగారూ, మీరు ఎలాగూ ఆఫీసుకి వెళ్తున్నారు కదండీ. ఎదురుగానే ట్రెజరీ. కాస్త నడిపించుకెళ్తారా? తిరిగొచ్చేటప్పుడు పిల్ల తోడుంటుంది" అన్నారు.

నాన్నగారు కాదనలేకపోయారు. కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు. పలచటి తెల్లచొక్కాలోంచి అది బయటికి కనిపిస్తూనే ఉంది. నేను దారి పొడుగునా దాన్నే చూస్తూ నడిచాను. ఆ కాగితం ఏం చేస్తుందో నాకు తెలియదు గానీ, పొద్దున అమ్మ పొయ్యి వెలిగించకపోవడం మాత్రం చూశాను. మామూలుగా తాతయ్య నడిస్తే నేను పరిగెత్తాలి. ఆ రోజు ఆయన నాలుగడుగులకోసారి ఆగి వంతెన గోడ పట్టుకున్నారు, చెప్పు సరిచేసుకున్నారు, పాలకేంద్రం అబ్బాయిని కుశలం అడిగారు. ఇంజనీరు జీపెక్కి క్యాంపుకి వెళ్ళిపోయేలోగా కాగితం ఇవ్వాలని నాన్నగారి ఆత్రం. పళ్ళు బిగబట్టి మావగారి చెయ్యి పట్టుకుని నడుస్తున్నారు.

ట్రెజరీ వరండా నిండా పెద్దవాళ్ళు. లోపల్నుంచి ప్యూను పేరు పిలిస్తే ఒక్కొక్కరు లేచి వెళ్తున్నారు. రోడ్డుకి అవతల ఇరిగేషన్ ఆఫీసు ముందు జీపు ఆగి ఉంది. డ్రైవరు అద్దం తుడుస్తున్నాడు. నాన్నగారు అటు అడుగు వేయబోతుంటే తాతయ్య, "ఒక్క నిమిషం ఇలా కూర్చోండి, నీడగా ఉంది" అన్నారు. నీడా లేదు గీడా లేదు. మొహం మీద ఎండ పడే ఆ చివర, ఒళ్ళో గొడుగు పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన పక్కన నాన్నగార్ని కూర్చోబెట్టి, తాతయ్య తను వెళ్ళి దూరంగా స్తంభానికి ఆనుకున్నారు.

గొడుగు పెద్దాయన అందరికీ తెలిసిన మనిషిలాగే ఉన్నారు. ఎవరి పేరు పిలిచినా, వినపడనివాళ్ళకి భుజం తట్టి చెబుతున్నారు. నాన్నగారు కూర్చోలేక కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి, "మీ పేరింకా పిలవలేదాండి?" అని అడిగారు.

"నా పేరు పిలవరండి. నాకు పెన్షన్ లేదు" అన్నారాయన, వాతావరణం గురించి చెప్పినంత తేలిగ్గా.

నాన్నగారు మొదటిసారి జీపు మీంచి చూపు తిప్పారు.

"మనదీ ఇరిగేషనేనండి. ఇరవయ్యారేళ్ళు చేశాను. ఆఫీసరు నలుగురిలో ఓ మాటన్నాడని రాజీనామా ఆయన బల్ల మీద పడేసి వచ్చేశానండి. ఇన్నేళ్ళ సర్వీసు ఎక్కడికి పోద్దిలే అనుకున్నాను. రాజీనామా ఇస్తే వెనకటి సర్వీసంతా పోద్దంట, రూలంట. అదే మూడు నెలలు ముందు నోటీసిచ్చి వాలంటరీ రిటైర్మెంట్ అడిగుంటే, ఇరవయ్యేళ్ళు నిండినోణ్ణి కదా, పెన్షనొచ్చేదండి. పోనీ ఆఫీసరు ఒప్పుకునేలోగా వెనక్కి తీసుకున్నా సరిపోను. ఆయనా కోపం మీదే ఉన్నాడు కదండి బాబూ, నేను మెట్లు దిగేలోపే సంతకం పెట్టేశాడు."

నాన్నగారి చెయ్యి దానంతట అదే జేబు మీదికి వెళ్ళింది.

"మరి ప్రతి నెలా ఇక్కడికి..."

"వీళ్ళంతా నాతో చేసినోళ్ళేనండి. ఒకటో తారీఖున ఇంట్లో కూర్చోలేను. మా ఆవిడ ఒక్క మాట కూడా అనదు. అందుకే కూర్చోలేను."

సరిగ్గా అప్పుడే అవతల జీపు స్టార్టయింది. నాన్నగారు దిగ్గున లేచి, చేత్తో జేబు తడుముకుంటూ రోడ్డు దాటి వెళ్ళారు. తాతయ్య పిలవలేదు. నా చెయ్యి మాత్రం ఎముకలు నొప్పెట్టేలా పట్టుకున్నారు. ఆ పట్టులోనే నాకు అర్థమైంది, జరగబోయేది మా అందరికీ జరుగుతుందని. జీపు గేటు దాటి నాన్నగారి పక్కన ఆగింది. ఇంజనీరు తల బయటికి పెట్టి విసుగ్గా, "ఏంటయ్యా?" అన్నాడు. నాన్నగారు నిలబడ్డారు. చెయ్యి ఇంకా జేబు మీదే ఉంది.

"ఏం లేదండి. మావయ్యగారి పెన్షన్‌కి వచ్చాను. ఇటునుంచి ఇటే కాలవ మీదకి వెళ్తున్నా" అన్నారు.

జీపు వెళ్ళిపోయింది. నాన్నగారు తిరిగి వచ్చి ఆ పెద్దాయన పక్కనే కూర్చుని మొహం తుడుచుకున్నారు. కాసేపటికి లేచి పెద్దవాళ్ళు ముగ్గురికీ కాఫీలు చెప్పారు, నాకేమో పాలు. తాతయ్య వంక చూడనైనా చూడలేదు, తాతయ్యా చూడలేదు. ఆ మర్యాద అలాగే నడిచింది. నాన్నగారు కాలువ వైపు వెళ్ళాక, పెన్షన్ చేతికి అందగానే తాతయ్య ఇంటికి ఎంత వేగంగా నడిచారంటే, నేను వెనకాల పరిగెత్తుతూ, మోకాలు ఏమైంది తాతయ్యా అని అరవాల్సి వచ్చింది. ఆయన వెనక్కి తిరగకుండానే, మీ అమ్మని పొయ్యి వెలిగించమని చెప్పాలి, పద అన్నారు.

నాన్నగారికి జరిగిన అవమానానికి ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఇంజనీరు కొన్నాళ్ళకి బదిలీ మీద వెళ్ళిపోయాడు, అంతే. నాన్నగారు మాత్రం పూర్తి సర్వీసు చేసి దండలతో ఇంటికి వచ్చారు. కోపం తగ్గిందనుకునేరు, చివరిదాకా తగ్గలేదు. కాగితం మీద పెట్టడం ఒక్కటే మానేశారు.

ఆయన మొదటి పెన్షన్‌కి నేనే తోడు వెళ్ళాను. అప్పటికి నేను టీచరుగా చేస్తున్నాను, తాతయ్య లేరు. వరండా చివర అదే ఎండలో ఆ పెద్దాయన, బాగా వంగిపోయి, ఒళ్ళో గొడుగుతో కూర్చుని ఉన్నారు. లోపల్నుంచి నాన్నగారి పేరు పిలిచారు. నాన్నగారి కన్నా ముందు ఆయన లేచి నిలబడ్డారు. నాన్నగారు లోపలికి వెళ్ళి తిరిగి వచ్చేదాకా కూర్చోనే లేదు. నేను ఎటో చూశాను.

ఇప్పుడు నేనూ పెన్షనర్నే. మా స్కూల్లో నాతో టీచర్లుగా చేసిన పిల్లలు ఫోన్ చేసి, ఈ ఉద్యోగం మొహాన కొట్టి వచ్చేస్తానండీ అంటుంటారు. కోపం వద్దని నేను చెప్పను, నాన్నగారి కూతుర్ని కదా. రాజీనామా వేరు, రిటైర్మెంట్ వేరు, ముందు రూల్సు చదువుకోండి, ఈలోగా కాగితం జేబులోనే ఉంచండి అంటాను.

పెన్షన్ ఇప్పుడు బ్యాంకులోనే పడుతుంది. ఒకటో తారీఖునో, సర్కారు వారి దయవల్ల ఆ తర్వాతో, ఫోన్ టింగుమంటుంది. నేను కూర చూస్తున్నా, పేపరు చదువుతున్నా వెంటనే లేచి నిలబడతాను. మా మనవరాలు నవ్వుతుంది, మెసేజికి కూడా లేస్తారా అమ్మమ్మా అని. తన పేరు ఎవరూ ఎన్నడూ పిలవకపోయినా, ఆ గొడుగు పెద్దాయన అందరి పేర్లూ వింటూ ఆ వరండాలో కూర్చున్నారు. ఆ టింగుతో నా పేరు పిలుస్తున్నారు. లేవకపోతే ఎలా?